గడువు రాయని పత్రాలు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే సుదీర్ఘమైన ఆయత్ ఏదని అడిగితే చాలామంది ఆరాధనలకు సంబంధించిన ఏదో ఒక ఆదేశాన్ని ఊహిస్తారు. అది అప్పు పత్రానికి సంబంధించినది: అల్ బఖరహ్ సూరాలోని 282వ ఆయత్. అప్పు ఇచ్చిపుచ్చుకునేవారు మొత్తాన్నీ గడువునూ రాసుకోవాలి, రాసేవాడు ఎవరి పక్షమూ వహించరాదు, సాక్షులుండాలి, మొత్తం చిన్నదే కదా అని రాతను నిర్లక్ష్యం చేయరాదు అన్నది దాని సారాంశం. మదరసాలో ఈ పాఠం వచ్చినప్పుడు మేము పిల్లల చేత నమూనా పత్రం రాయిస్తాం. పేర్లు రాస్తారు, మొత్తం శ్రద్ధగా అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. సగం మంది గడువు మరచిపోతారు.

రాజకీయ పక్షాల ఎన్నికల ప్రణాళికలు చదివినప్పుడల్లా మాకు ఆ కాగితాలే గుర్తుకు వస్తాయి. వాటిలో మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏ తేదీ లోపల, ఏ పద్దు నుండి, ఖచ్చితంగా ఎవరికి అన్న మూడూ ఉండవు. పిల్లలు మరచిపోయి వదిలేస్తారు. పెద్దలు మరచిపోయి వదిలేస్తారని మేము నమ్మలేం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఏ ఒక్క పక్షానికీ వ్యతిరేకం కాదు. మా జైనూర్ వంటి ఊళ్లలో, అటు పేదరికపు జాబితాలోనూ ఇటు స్థితిమంతుల జాబితాలోనూ లేని ముస్లిం కుటుంబాలు హామీలను నమ్ముకుని తమ ఇంటి లెక్కలు వేసుకోవడం వలన కలుగుతున్న నష్టం గురించే మా ఆవేదన. నాయకుడు మాట తప్పితే అతనికి పోయేది కొన్ని ఓట్లు. ఆ మాటను నమ్మి కుమార్తె పెండ్లి వాయిదా వేసుకున్న తండ్రికి పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

మధ్యతరగతి అనగానే పట్టణంలోని ఉద్యోగస్థుడు కళ్ల ముందు మెదులుతాడు. కుమ్రం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలోని మా మండల కేంద్రంలో మధ్యతరగతి అంటే వేరు. చిన్న కిరాణా దుకాణం, బట్టల దుకాణం, మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు, కుట్టుపని, ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం, సొంత ఆటో - ఇవీ ఆదాయ మార్గాలు. జకాత్ పుచ్చుకోవడానికి అభిమానం అడ్డు వస్తుంది. జకాత్ ఇవ్వడానికి స్తోమత చాలదు. ఇంటికి వచ్చిన అతిథికి చాయ్ బిస్కెట్ పెట్టవలసిందే, బంధువుల పెండ్లికి కట్నం చదివించవలసిందే, పిల్లలను ప్రైవేటు బడికే పంపవలసిందే. నెలాఖరుకు ఎవరి ముందూ చేయి చాచలేడు. చేయి చాచి వచ్చినవాడికి లేదనీ చెప్పలేడు.

ఇటువంటి ఇంటికి 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో ప్రకటించిన ఆరు గ్యారంటీలు వినబడ్డాయి. మహిళలకు నెలకు 2,500 రూపాయలు, 500 రూపాయలకే గ్యాస్ సిలిండర్, ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు, ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు, చదువుకునే పిల్లలకు 5 లక్షల విద్యా భరోసా కార్డు, 4,000 రూపాయల పింఛను, రైతుకు ఎకరానికి ఏడాదికి 15,000. విన్నప్పుడు ఇందులో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఉన్నట్లే తోచింది. ఎన్నికలు ముగిశాయి, డిసెంబర్ 7న కొత్త ప్రభుత్వం ఏర్పడింది, ఆ తరువాత మార్గదర్శకాలు వచ్చాయి. సభల్లో వినబడని 'అర్హులైన' అన్న మాట మార్గదర్శకాల్లో కనబడింది.

గ్యాస్‌కూ కరెంటుకూ తెల్ల రేషన్ కార్డు కావాలి. తెల్ల కార్డుకు గ్రామాల్లో ఏడాది ఆదాయం లక్షన్నర లోపు, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి. లక్షన్నరను పన్నెండుతో భాగించి చూడండి. నెలకు 12,500 రూపాయలు. నెలకు 13,000 సంపాదించే ప్రైవేటు బడి టీచరు, ఇద్దరు పిల్లలను చదివిస్తూ, కిరాయి ఇంట్లో ఉంటూ, ప్రభుత్వం దృష్టిలో పేదవాడు కాడు. పైగా కొత్త రేషన్ కార్డుల పంపిణీ ఏండ్ల తరబడి నిలిచిపోయి 2025లో గానీ ఊపందుకోలేదు. పెండ్లయి వేరు కాపురం పెట్టినవారు అంతవరకు తల్లిదండ్రుల కార్డులో పేర్లుగానే మిగిలిపోయారు. కరెంటు విషయంలో ఇంకొక మెలిక ఉంది. 200 యూనిట్లు దాటితే దాటినంత వరకు మాత్రమే కాదు, మొత్తం బిల్లు కట్టవలసిందే. ఎండాకాలంలో కూలర్ తిరిగే ఇంట్లో మే నెల బిల్లు ఈ సంగతి తెలియజేస్తుంది.

షాదీ ముబారక్‌కూ ఇదే ఆదాయ పరిమితి. ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఇదే. ఇక్కడ ఒక చేదు విషయం చెప్పక తప్పదు.

ఈ పరిమితి మన కుటుంబాలను అబద్ధం వైపు నెడుతున్నది. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆదాయం గడిలో ఎంత రాయాలో దరఖాస్తుదారుకు ముందే తెలుసు, రాసేవాడికీ తెలుసు, సంతకం చేసే కార్యాలయానికీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధం అబద్ధం కాదని మన మనస్సాక్షి కూడా మెల్లగా నమ్మడం మొదలుపెడుతుంది. తండ్రి రాసిన ఆ అంకెను కుమారుడు చూస్తాడు. నిన్నటి వరకు నిజమే పలకాలని బోధించిన తండ్రి ఈ రోజు ఎందుకు అలా రాశాడో అడగడు. అడగకుండానే నేర్చుకుంటాడు. 'ఏం చేయమంటారు మౌలానా, నిజం రాస్తే పిల్లవాడి చదువు ఆగిపోతుంది' అని అడిగినవారికి మా జవాబు మారదు. తప్పుడు ధ్రువపత్రంతో పుచ్చుకున్న సొమ్ము ధర్మసమ్మతం కాదు. అయితే ఆ ప్రశ్నలోని బాధను చిన్నబుచ్చే హక్కు కూడా మాకు లేదు. నెలకు 12,500 దగ్గర గీత గీసి, ఆ గీతకు అవతల ఉన్నవారంతా కలవారేనని భావించే ప్రభుత్వాలు ఈ పాపంలో తమ వాటా ఎంతో ఆలోచించుకోవాలి. పరిమితిని ధరలతో పాటు పెంచుతామని ఏ పక్షమైనా పెద్ద అక్షరాల్లో ప్రకటించిందా? మాకు కనబడలేదు. దానితో చప్పట్లు రావు గదా.

పరిమితి లోపల ఉన్నవారి కష్టం మరొక రకం. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో పది వేల లోపు ర్యాంకు రానివారికి రీయింబర్స్‌మెంటు 35,000 రూపాయలకే పరిమితం. పేరున్న ప్రైవేటు కళాశాలల ఫీజు లక్ష దాటి చాలా కాలమైంది. ఆ 35,000 అయినా సకాలంలో కళాశాలకు చేరదు. బకాయిలు వేల కోట్లకు పేరుకుపోయి, 2025 నవంబర్‌లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలే తాళాలు వేసి నిరసన తెలిపాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య నలిగేది విద్యార్థి. చదువు పూర్తయినా, ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటారు. ఉద్యోగానికి పిలుపు వచ్చిన పిల్లవాడి కోసం తండ్రి అప్పు చేస్తాడు. ప్రభుత్వం తీర్చవలసిన బాకీకి మిత్తి ఇతను కడతాడు. వడ్డీని మా వైపు మిత్తి అంటారు. పేరు ముద్దుగా ఉన్నా నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. వడ్డీ హరామ్ అని జుమా ప్రసంగంలో విని తల ఊపిన మనిషే మరునాడు ఆ గుమ్మం తొక్కవలసి రావడం కంటే అవమానం ఏముంటుంది?

జైనూర్ సమస్యకు మరొక పొర ఉంది. మైదాన ప్రాంతంలోని పాఠకులకు అది కొత్తగా తోచవచ్చు. మాది ఐదవ షెడ్యూలు ప్రాంతం, ఉట్నూర్ ఐటీడీఏ పరిధి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఆదివాసీయేతరులకు భూమి బదిలీ కావడానికి వీలులేదు. ఈ చట్టాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఈ నేలపై గోండు సోదరుల భూములు ఎట్లా చేతులు మారాయో, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ఎందుకు ప్రాణాలర్పించాడో తెలిసినవారు దీన్ని తప్పుపట్టలేరు. కానీ దాని ఫలితం ఒకటుంది. రెండు మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబానికి కూడా పట్టా ఉండదు. పట్టా లేనివానికి రైతు భరోసా లేదు. ఇందిరమ్మ ఇంటికి సొంత స్థలం కావాలి. బ్యాంకులో పెద్ద అప్పు కావాలంటే తనఖా పెట్టడానికి ఆస్తి కావాలి. ప్రణాళికలు రాసేవారు తెలంగాణ కుటుంబాన్ని ఊహించుకున్నప్పుడు వారి కళ్ల ముందు పట్టాదారు పాస్ పుస్తకం ఉంటుంది. మా వీధుల్లో చాలా ఇండ్లకు ఆ పుస్తకం లేదు. ఉన్నదల్లా దుకాణంలోని సరుకు, ఒక ఖాతా పుస్తకం.

ఆ ఖాతా పుస్తకం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఏజెన్సీ వ్యాపారం నడిచేది ఉద్దెర మీద. వానకాలం మొదట్లో ఆదివాసీ రైతు ఉప్పూ పప్పూ బట్టా ఉద్దెరకు తీసుకుపోతాడు, పత్తి అమ్మినాక తీరుస్తాడు. దుకాణదారు తాను కూడా టోకు వర్తకుని దగ్గర బాకీకే సరుకు తెస్తాడు. అంటే రైతు ఖాతాలో డబ్బు పడడం ఆలస్యమైతే దాని సెగ మూడు ఇండ్లకు తగులుతుంది. రైతు భరోసా కింద ఎకరానికి 15,000 అన్నారు. అమలులోకి వచ్చేసరికి 12,000 అయింది. మొదలైంది 2025 జనవరి 26న. 2024 వానకాలం పంటకు రైతు ఖాతాలో ఏమీ పడలేదు. రైతు గురించి ఆ రోజుల్లో పత్రికలు రాశాయి, ప్రతిపక్షాలు మాట్లాడాయి. ఆ రైతుకు ఉద్దెర ఇచ్చిన దుకాణదారు ఏ జాబితాలోనూ లేడు గనుక అతని గురించి ఎవరూ రాయలేదు. తనకు సంబంధం లేని హామీ కూడా తన ఇంటి పొయ్యిని చల్లార్చగలదని అతనికి ఆ ఏడాది అర్థమైంది.

అదే ఏడాది సెప్టెంబర్ మాసం జైనూర్ ఎన్నటికీ మరచిపోలేనిది. ఆగస్టు 31న ఒక ఆదివాసీ సోదరిపై జరిగిన దారుణమైన దాడి మా అందరినీ సిగ్గుతో తల దించుకునేలా చేసింది. నేరం చేసినవాడు ఏ మతస్థుడైనా చట్టప్రకారం శిక్ష అనుభవించవలసిందే. ఇందులో రెండవ మాట లేదు. సెప్టెంబర్ 4న బంద్ సందర్భంగా ఆ నేరంతో ఏ సంబంధమూ లేనివారి దుకాణాలు తగలబడ్డాయి, ఇండ్లపైనా ప్రార్థనాస్థలంపైనా దాడులు జరిగాయి. నిషేధాజ్ఞలు విధించారు, ఇంటర్నెట్ నిలిపివేశారు, కేంద్ర బలగాలు వచ్చాయి. ఆ సంఘటనల రాజకీయం లోతుల్లోకి మేము ఇక్కడ వెళ్లము. ఇంటి లెక్క మాత్రం చెబుతాం. ఉద్దెర వ్యాపారంలో దుకాణం కాలిపోతే సరుకు పోతుంది, టోకు వర్తకునికి ఇవ్వవలసిన బాకీ పోదు. ఖాతా పుస్తకం కూడా కాలిపోతే జనం నుండి రావలసింది బూడిదవుతుంది. ఎవరెంత ఇవ్వాలో ఇచ్చేవారి నిజాయితీకే తెలియాలి. రాత గురించి అంత సుదీర్ఘమైన ఆయత్ ఎందుకో, సాక్షులు ఎందుకో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు.

నెలకు ఇంత ఇస్తాం, అంత ఇస్తాం అని చెప్పే ప్రణాళికలలో, మీ దుకాణం రేపు ఉదయం ఉన్నచోటే ఉంటుందని హామీ ఇచ్చే పంక్తి ఎక్కడ ఉంది? మధ్యతరగతికి అన్నింటికంటే విలువైన సంక్షేమ పథకం శాంతి. గోండు కొనుగోలుదారు, ముస్లిం దుకాణదారు ఒకరినొకరు నమ్మి ఉద్దెర ఇచ్చిపుచ్చుకోవడం ఏ ఆరు గ్యారంటీలకూ తీసిపోని ఆర్థిక వ్యవస్థ. అది చెదిరితే తిరిగి కుదుటపడడానికి ఎన్ని పత్తి సీజన్లు పడుతుందో ఏ ఆర్థిక మంత్రీ లెక్కగట్టలేడు.

ఇక ప్రత్యేకించి మన సముదాయానికి చేసిన వాగ్దానాలు. 2014లో అధికారంలోకి వచ్చిన నాలుగు నెలల్లో 12 శాతం రిజర్వేషన్ అన్నారు. ఇదొక్కటే గడువు రాసిన పత్రం, అందుకే జనం ఎక్కువగా నమ్మారు. సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది, 2017 ఏప్రిల్ 16న శాసనసభ బిల్లు ఆమోదించింది, బిల్లు ఢిల్లీకి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. రిజర్వేషన్లు మొత్తంమీద సగానికి మించరాదని సుప్రీంకోర్టు 1992లోనే ఇంద్రా సహానీ కేసులో చెప్పింది. ఆ సంగతి 2014లో హామీ ఇచ్చినవారికి తెలియనిది కాదు. ఇతరుల సంతకం కావలసిన పత్రం మీద తమ పేరు రాసి ఇచ్చారు. సరిగ్గా అటువంటి పత్రమే 2023లో మరొక పక్షం వెనుకబడిన తరగతులకు 42 శాతం అంటూ కామారెడ్డిలో రాసి ఇచ్చింది. 2025 అక్టోబర్‌లో హైకోర్టు దగ్గర అది ఆగింది. పాత 4 శాతం మాత్రం 2007 నుండి నేటి వరకు, కోర్టు మెట్లెక్కి దిగుతూనే, వేలాది పిల్లలను వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లోకి చేర్చింది. ఆర్భాటం తక్కువగా ఉన్న వాగ్దానమే ఎక్కువ పని చేసింది.

2023 నవంబర్ 9న మైనారిటీ డిక్లరేషన్ వెలువడింది. మైనారిటీల బడ్జెట్ 4,000 కోట్లకు పెంచుతామన్నారు. నిరుద్యోగ యువతకూ మహిళలకూ సబ్సిడీ రుణాల కోసం ఏటా 1,000 కోట్లన్నారు. పదవ తరగతి పాసైనవారి నుండి పరిశోధక విద్యార్థి వరకు 10,000 మొదలుకొని 5 లక్షల దాకా ప్రోత్సాహకాలన్నారు. నూతన దంపతులకు 1,60,000 అన్నారు. బడ్జెట్ 2024-25లో 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు అయింది. అంతకు ముందు సంవత్సరం 2,200 కోట్లు ఉన్నదని గుర్తుంచుకుంటే ఇది పెరుగుదలే, న్యాయంగా ఆ మాట ఒప్పుకోవాలి. బడ్జెట్ పుస్తకంలో రాయడం వేరు, సంవత్సరాంతానికి ఖర్చు చేయడం వేరు అన్నది మరొక చర్చ. పెండ్లి సహాయం మాత్రం 1,00,116 దగ్గరే ఉన్నది. 2014లో 51,000తో మొదలై, 2018 నాటికి లక్షా నూట పదహారైన ఆ మొత్తం ఆ తరువాత కదలలేదు.

ఇమాములకు, మౌజన్లకు నెలకు 10,000 నుండి 12,000 గౌరవ వేతనం అని కూడా ఆ ప్రకటనలో ఉన్నది. గత ప్రభుత్వ కాలం నుండి వస్తున్నది 5,000, అదీ నెలల తరబడి ఆలస్యంగా. ఇది మా వర్గానికి సంబంధించిన విషయం గనుక ఎక్కువ మాట్లాడితే స్వార్థం అనిపించుకుంటుంది. ఇక్కడితో వదిలేస్తున్నాం.

వదిలేయలేనిది ఆ 1,60,000 సంగతి. ఎన్నికల తరువాత, ఆ మొత్తం వస్తుందేమో చూసి ముహూర్తం పెట్టుకుందామని నికాహ్‌లు వాయిదా వేసుకున్న కుటుంబాలున్నాయి. ఒక ఆడపిల్ల వయసులో ఒకటి రెండు ఏండ్లు అంటే మాటలు కాదు. షాదీ ముబారక్ చెక్కు చాలా ఇండ్లకు పెండ్లి జరిగి, బిడ్డ పుట్టాక వస్తున్నది. పెండ్లి ఖర్చు కోసం చేసిన అప్పు అప్పటికి మిత్తితో సహా పెరిగి ఉంటుంది. సహాయం అందినవారు దాన్ని అప్పిచ్చినవాడికి అప్పగించి ఖాళీ చేతులతో ఇంటికి వస్తారు. నిజానికి ఈ ధనం అవసరమైనంత ఖర్చు ఏ నికాహ్‌కూ షరీఅత్ విధించలేదు. నికాహ్‌కు కావలసింది ఇద్దరు సాక్షులు, అంగీకారం, వరుడు చెల్లించే మహర్. మిగిలినదంతా మనం తగిలించుకున్నది. లక్షా అరవై వేలు ఇస్తామని అన్నవారు ఇవ్వలేదన్న కోపంలో సగమైనా, ఆ లక్షా అరవై వేలు అవసరమయ్యేలా పెండ్లిని మార్చిన మన దావత్‌ల మీదికి మళ్లించాలి.

2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం వచ్చింది. 6,000 కోట్లతో 5 లక్షల మంది యువతకు స్వయం ఉపాధి అని చెప్పారు. మైనారిటీ యువకులు కూడా ధ్రువపత్రాల కోసం రోజుల తరబడి తిరిగి దరఖాస్తు చేశారు. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామన్నారు. ఆ రోజు వచ్చింది, కార్యక్రమం వాయిదా పడింది. దుకాణం కిరాయికి బయానా ముందే ఇచ్చినవారి సంగతి వేరే చెప్పాలా?

పాత పక్షం నేరస్థురాలు, కొత్త పక్షం దోషి, మూడవ పక్షం పవిత్రురాలు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2018లో నిరుద్యోగులకు నెలకు 3,016 రూపాయల భృతి అన్నారు. ఐదేండ్లలో ఒక్క నెల కూడా రాలేదు. కేంద్రంలో 2022 నాటికి రైతుల ఆదాయం రెట్టింపు అన్నారు. 2022 వచ్చి వెళ్లింది. ఆ 2022లోనే ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ఉపకార వేతనం నిలిపివేశారు, పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ రద్దు చేశారు. ఇవి ఏ ఎన్నికల ప్రణాళికలోనూ చెప్పి చేసినవి కావు.

అలాగని అన్ని వాగ్దానాలూ నీటి మీద రాతలేనని అనడం కూడా అన్యాయం. అపనమ్మకాన్ని తెలివితేటలుగా భావించే అలవాటు మన అరుగుల మీద ప్రబలుతున్నది. 'అందరూ దొంగలే' అన్నవాడు ఏ ఒక్కరినీ ప్రశ్నించే శ్రమ తీసుకోడు. మహిళలకు ఉచిత బస్సు ప్రమాణ స్వీకారం జరిగిన రెండవ రోజే, డిసెంబర్ 9న మొదలైంది. ఆదాయ పత్రం అడగలేదు, కార్డు రంగు చూడలేదు. ఉట్నూర్ ఆసుపత్రికో, ఆసిఫాబాద్ కార్యాలయానికో వెళ్లవలసిన మా ఇంటి ఆడవారికి అది నిజంగా మిగులు. ఆరోగ్యశ్రీ పరిమితి అదే రోజున 10 లక్షలు చేశారు. గత ప్రభుత్వం 2016 నుండి నెలకొల్పిన 204 మైనారిటీ గురుకులాల్లో మన ఆడపిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలై రాష్ట్రమంతటా లక్షన్నర కుటుంబాలకు నాలుగు లక్షల ఎకరాల మీద హక్కు దక్కింది. ఎన్నికలకు ఐదు నెలల ముందే ఎందుకు గుర్తుకు వచ్చిందని అడగవచ్చు. దక్కినది దక్కినదే.

ఇంకా వెనక్కి వెళితే మా మండలంలోనే మర్లవాయి ఉన్నది. కుమ్రం భీమ్ మరణానంతరం నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతుల పరిశీలనకు పంపింది. ఆయన మర్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ఉపాధ్యాయులను అక్కడ తయారు చేయించాడు. వేలాది కుటుంబాలకు పట్టాలు ఇప్పించాడు. ఆయన ఓట్లు అడగలేదు, సభ పెట్టలేదు. ఇచ్చినది మొత్తం, ఎవరికో పేరుతో సహా, రాసి ఇచ్చాడు. ఆయన సతీమణి సమాధి ఆ ఊరిలోనే ఉన్నది. గోండు సోదరులు నేటికీ ఆ దంపతులను స్మరించుకుంటారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవడం మంచిది. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానాలు అవినీతి చర్య కిందికి రావని 2013 జూలై 5న సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. దరిమిలా ప్రవర్తనా నియమావళిలో చేర్చిన భాగం ప్రకారం, హామీ వెనుక హేతువు ఏమిటో, దానికి ధనం ఎట్లా సమకూరుతుందో స్థూలంగానైనా చెప్పాలి. కాగితం మీద ఇది ఉన్నది. ఏ సభలోనైనా ఎవరైనా చెప్పారా? నెలకు 2,500 చొప్పున 50 లక్షల మంది మహిళలకు ఇస్తే ఏడాదికి 15,000 కోట్లు అవుతుంది. ఏడవ తరగతి పిల్లవాడు వేయగల లెక్క. రాష్ట్ర బడ్జెట్ మొత్తం 2025-26లో మూడు లక్షల ఐదు వేల కోట్లకు కొంచెం తక్కువ. జీతాలు, పింఛన్లు, పాత అప్పుల వడ్డీలు పోగా ఈ 15,000 కోట్లు ఏ పద్దులో నుండి తీస్తారని ఎన్నికలకు ముందు అడిగినవారు ఎందరు? రెండేండ్లు నిండినా ఆ 2,500 మొదలు కాలేదు. అడగని ప్రశ్నకు జవాబు అట్లాగే వస్తుంది. రైతు రుణమాఫీకి డిసెంబర్ 9 అని గడువు చెప్పారు. అది 2024 జూలై 18న మొదలై ఆగస్టు 15కు చేరింది. 31 వేల కోట్లన్న మొత్తం 20 వేల కోట్ల పైచిలుకు దగ్గర ఆగింది. అయినా 25 లక్షల మంది రైతులకు ఎంతో కొంత మేలు జరిగింది. గడువు చెప్పిన హామీ ఆలస్యంగానైనా కదిలిందని, గడువు చెప్పనిది కదలనే లేదని పాఠకులు గమనించాలి.

అందువలన ఇంటి పెద్దలకు మా విన్నపం ఒకటే. రేపు ఓటు అడగడానికి వచ్చినవారి ముందు నిలబడి, మొత్తం ఎంత అని అడగకండి. అది వారే చెబుతారు. ఆదాయ పరిమితి ఎంత? పట్టా లేనివాడికి వర్తిస్తుందా? మొదటి విడత ఏ నెలలో? ఈ మూడు అడగండి. జవాబును అక్కడే, పదిమంది ఎదుట, కాగితం మీద రాయించుకోండి. వారు సంతకం చేయకపోవచ్చు. చేయకపోవడం కూడా జవాబే.

ఇంట్లో మాత్రం మరొక నియమం పాటించండి. చేతికి అందని ప్రభుత్వ సొమ్మును నెలసరి లెక్కలో జమ వైపు రాయకండి. ఫీజు గడువు, పెండ్లి తేదీ, దుకాణం కిరాయి - వీటిని ఉన్న ఆదాయం మీదనే నిర్ణయించుకోండి. తరువాత ఏదైనా వస్తే అప్పు తీర్చడానికి వాడండి. ప్రతి మస్జిద్ కమిటీ దగ్గర జకాత్ లెక్కకు భిన్నంగా, వడ్డీ లేని చిన్న అప్పుల నిధి ఒకటి ఉండడం ఇటువంటి కుటుంబాలకు జకాత్ కంటే ఎక్కువ అవసరం. జకాత్ పుచ్చుకోవడానికి వెనుకాడే మనిషి ఖర్జె హసన్ పుచ్చుకోవడానికి వెనుకాడడు. తిరిగి ఇస్తాడు గనుక. నూటికి మూడు రూపాయల మిత్తికి పోవలసిన ఫీజు డబ్బు అక్కడ దొరికితే ఒక పిల్లవాడి సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో నుండి బయటికి వస్తాయి.

అటువంటి నిధి పెట్టదలచిన కమిటీలు ముందుగా ఒక గట్టి అట్ట పుస్తకం కొనాలి. ఎడమ వైపు పేరు, మొత్తం, ఇద్దరు సాక్షుల సంతకాలు. కుడి వైపు తిరిగి ఇవ్వవలసిన తేదీ. మరొక ప్రతిని వేరొక ఇంట్లో ఉంచాలి. కాలే అవకాశం లేని చోట.